గుమ్మం దగ్గర నోటుపుస్తకం

మొదటి ప్రదర్శన రోజు గుమ్మం దగ్గర నోటుపుస్తకం పెట్టింది మేమే. ఆ ఆలోచన మా బృందంలో అందరికంటే చిన్నవాడిది. వచ్చినవాళ్ళ పేరు, ఫోను నంబరు రాయించుకుంటే తర్వాతి నాటకానికి పిలవడం తేలిక అన్నాడు. బాగానే ఉందనుకున్నాం. స్కేలు పెట్టి గీతలు కొట్టి, మూడు గడులు చేసి, దారం కట్టిన పెన్ను కూడా పక్కన పెట్టాడు.

అరవై దాటిన ఒకాయన మెట్లెక్కి వచ్చి, కళ్ళజోడు పెట్టుకొని ఆ గడుల వైపు చూశారు. అప్పటికి ఏడు పేర్లున్నాయి. ఏడూ చదివారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకొని, "కింద బండికి తాళం వేశానో లేదో చూసొస్తాను" అని దిగి వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

లోపల మేము ఆడబోతున్నది, ఒక కాగితం మీద సంతకం పెట్టనని కూర్చున్న మనిషి కథ. అయినా ఆ పుస్తకం గుమ్మంలో పెడుతున్నప్పుడు మా ఎవ్వరికీ ఏమీ తట్టలేదు. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వినపడ్డాక తట్టింది. ఆ పేజీ చించి, వంటగది స్టవ్వు మీద కాల్చేశాం. పుస్తకం మాత్రం కొత్తది కదా అని ఉంచుకున్నాం. ఎందుకు ఉంచుకున్నామో తర్వాత చెబుతాను.

మేమందరం వీధి నాటకం నుంచి వచ్చినవాళ్ళం. పన్నెండేళ్ళు కూడళ్ళలో, కార్మికవాడల్లో, కాలేజీ గేట్ల ముందు ఆడాం. డప్పు కొట్టి జనాన్ని పోగుచేయడం, బస్సు హారన్ అడ్డొస్తే అదే మాట రెండోసారి అనడం, వాన పడితే ఏదో ఒక చూరు కిందికి చేరి అక్కడే ముగించడం, ఇవే మాకు తెలిసిన విద్యలు. ఢిల్లీ వీధి నాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ పేరు చెప్పుకొని పెరిగాం. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కనున్న ఝండాపూర్‌లో నాటకం ఆడుతుండగా ఆయన మీద దాడి జరిగింది. మర్నాడు చనిపోయారు. 4వ తేదీన ఆయన సహచరి మలయశ్రీ, బృందంతో కలిసి అదే చోటికి వెళ్ళి ఆగిపోయిన నాటకాన్ని పూర్తి చేశారు. రాజకీయ నాటకమంటే మా మనసులో అదీ బొమ్మ: ఆరుబయట, పగటి వెలుతురులో, వచ్చే పోయే అందరి ముందూ. తలుపులు వేసుకొని గదిలో ఆడేవాళ్ళంటే లోలోపల కాస్త చిన్నచూపు కూడా ఉండేది.

కానీ నేను రాసుకున్న నాటకం కూడలికి పనికొచ్చేది కాదు. రెండే పాత్రలు. ఒక అధికారి, ఒక టీచరు. ఒక బల్ల. యాభై నిమిషాలు. ఆమెను "ఊరికే మాట్లాడదామని" పిలిపిస్తారు. సంతకం పెట్టమని ఒక పేజీ చూపిస్తారు. పేజీ అడుగున "పై విషయాలు చదివాను, నాకు అభ్యంతరం లేదు" అని ఉంటుంది. పైన అంతా ఖాళీ. "పైన ఏమీ లేదు కదండీ" అంటుంది ఆమె. "ఏమీ లేనప్పుడు అభ్యంతరం ఎందుకుంటుంది మేడమ్?" అంటాడు అతను. కథంతా ఇంతే.

అద్దెకిచ్చే హాళ్ళు నాలుగు చూశాం. మూడు చోట్ల అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "రాజకీయాలేమైనా ఉన్నాయా?" లేవని అబద్ధమాడటం ఇష్టం లేదు. ఉన్నాయంటే ఇవ్వరని తెలుసు. "సాంఘిక నాటకం" అన్నాం. ఆ మాటకు అర్థం వాళ్ళకూ తెలుసు. నాలుగో చోట ఒప్పుకొని బయానా తీసుకున్నారు. ప్రదర్శనకు రెండు రోజుల ముందు ఫోను చేసి, వైరింగు పని పెట్టుకున్నామని చెప్పి, బయానా పైసా తగ్గకుండా తిరిగి ఇచ్చేశారు. కోపం లేదు, బెదిరింపు లేదు. పైగా "మీ నాటకం బాగా జరగాలండీ" అన్నారు. నేను రాసిన అధికారి అప్పటికి బల్ల గుద్ది అరిచే మనిషి. ఫోనులో విన్న ఆ గొంతు అతనికంటే చాలా మర్యాదగా ఉంది. ఆ రాత్రి కూర్చొని అధికారి సంభాషణలన్నీ మళ్ళీ రాశాను. ఆ హాలువాళ్ళకు ఈ విధంగా రుణపడ్డాను.

చివరికి స్నేహితురాలి ఇంటి పైగది దొరికింది. ఇరవై నాలుగు అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. కుర్చీలు ముప్పై రెండు పట్టాయి. టికెట్ పెడితే అది బహిరంగ ప్రదర్శన అవుతుంది, అనుమతుల గొడవ మొదలవుతుంది, ఇంటికి స్నేహితులను పిలుచుకున్నట్టు పిలవండి అని తెలిసిన వకీలు సలహా ఇచ్చాడు. కాబట్టి టికెట్ లేదు, పోస్టరు లేదు. బయటికి వెళ్ళే దారిలో ఒక డబ్బా ఉండేది. వేసినవాళ్ళు వేశారు.

అసలు కష్టం రిహార్సల్‌లో మొదలైంది. మొదటి రోజు టీచరు పాత్రధారిణి తన మొదటి సంభాషణ చెప్పగానే, మూలన కూర్చొని చూస్తున్న స్నేహితురాలు చెవి మూసుకుంది. పన్నెండేళ్ళు లారీల మీద గెలిచిన గొంతు అది. నాలుగు గోడల మధ్య అది కొట్టినట్టే ఉంటుంది. తగ్గించమంటే తగ్గించింది. తగ్గించగానే మాటల్లో ఉన్న బోలుతనం బయటపడింది. అరిచినప్పుడు నినాదంలా వినపడిన వాక్యం, మామూలు గొంతుతో చెబితే పత్రికలో సంపాదకీయం చదివినట్టుంది. నాలుగో రంగంలో ఆమెకు రెండు పేజీల ఉపన్యాసం రాశాను. దాన్ని రాసుకున్నందుకు నాకు చాలా గర్వంగా ఉండేది. ముందు వరుస మనిషి మోకాలికి రెండడుగుల దూరంలో నిలబడి ఎవరైనా రెండు పేజీలు ఉపన్యసిస్తే, వినేవాడు ఆమె చెప్పేది వినడు, తను ఎటు చూడాలా అని వెతుక్కుంటాడు. వారం రోజులు కొట్లాడి, చివరికి ఉపన్యాసమంతా తీసేసి ఒక్క మాట మిగిల్చాను: "నేను పెట్టను."

అధికారి వేషం కట్టిన మిత్రుడికి ఇంకో రకం ఇబ్బంది. గదిలో నటుడు చేసే ప్రతి చిన్న పనీ కనపడుతుంది. పెన్ను మూత తీసి వెనక్కి తగిలించడం, ఆమె కూర్చోబోయే ముందు కుర్చీ మీద దుమ్ము తన రుమాలుతో తుడవడం. ఆ రుమాలు తుడుపు అతనే కనిపెట్టాడు. దాన్ని చూసినప్పుడు ప్రేక్షకుల్లో ఎవరో ఒకరు చిన్నగా నవ్వేవారు. నలభయ్యో నిమిషంలో అదే రుమాలుతో ఆమె ముందున్న పెన్నును తుడిచి అందిస్తాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు, పదకొండు ప్రదర్శనల్లో ఒక్కసారి కూడా. చెక్ నాటకకర్త వాత్స్లావ్ హావెల్ 1975లో రాసిన చిన్న నాటకం ఒకటుంది. అందులో బీరు కర్మాగారం పెద్ద, తన దగ్గర పనిచేస్తున్న నిషిద్ధ రచయితను పిలిచి, అతని మీద పైకి పంపాల్సిన నివేదికలు తనకు రాయడం రావడంలేదని, అతన్నే రాసిపెట్టమని బతిమాలతాడు. రాక్షసుడు కాడు, పాపం తనకూ ఇబ్బందే. రిహార్సల్ మధ్యలో మా మిత్రుడు దాన్ని చదివాక, నేను వివరించాల్సింది పెద్దగా మిగల్లేదు.

గదికి తలుపు ఒక్కటే కాబట్టి ప్రవేశాలు, నిష్క్రమణలు లేవు. తెర లేదు. దాన్ని లోటు అనుకొని చాలా మథనపడ్డాం. చివరికి ప్రేక్షకులు రాకముందే అధికారిని బల్ల దగ్గర కూర్చోబెట్టాం. జనం ఒక్కొక్కరే లోపలికి వస్తుంటే అతను తలెత్తి, "కూర్చోండి" అనేవాడు, మళ్ళీ రాసుకునేవాడు. చిత్రమేమిటంటే, సగంమంది అతనికి నమస్కారం పెట్టేవారు. అతను ఎరిగున్న నటుడని తెలిసినవాళ్ళు కూడా గొంతు తగ్గించి, కుర్చీ కాళ్ళు చప్పుడు కాకుండా ఎత్తి జరుపుకొనేవారు. నాటకం ఇంకా మొదలవ్వలేదు.

దీపాలు రెండే, రెండూ బల్ల దీపాలు. ప్రేక్షకులను చీకట్లో ఉంచే దారే లేదు. బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ 1970లలో పెద్ద రంగస్థలాన్ని వదిలి గదుల్లోకీ మైదానాల్లోకీ వచ్చినప్పుడు, చూసేవాళ్ళ మీద కూడా వెలుతురు పడనిచ్చారని చదివాను గానీ, దాని బరువు అప్పటిదాకా అర్థం కాలేదు. ఎదురు వరుసలో ఎవరు తల దించుకున్నారో, ఎవరు వాచీ చూసుకున్నారో ఈ వరుసకు తెలుస్తుంది. తనను చూస్తున్నారని వాళ్ళకూ తెలుస్తుంది. ఫ్యాను ఆపితే ఉక్క, వేస్తే సంభాషణ వినపడదు. ఆపేశాం.

మూడు ప్రదర్శనలయ్యాక ఒక గొప్ప భావం మాకు పట్టుకుంది. ప్రాగ్‌లో వ్లాస్తా క్రమొస్తోవా అనే నటిని రంగస్థలం నుంచి, సినిమాల నుంచి వెలివేస్తే, ఆమె తన ఇంట్లోనే నాటకాలాడింది. 1978లో ఆమె, నాటకకర్త పావెల్ కొహౌట్, ఇంకొందరు కలిసి షేక్‌స్పియర్ మాక్బెత్‌ను కుదించి ఇళ్ళల్లో ఆడారు. పిలిస్తే అయిదుగురు ఒక పెట్టెతో మీ ఇంటికి వస్తారు, అంతే సరంజామా. మిన్‌స్క్‌లో 2005లో మొదలైన బెలరూస్ ఫ్రీ థియేటర్ ఇళ్ళల్లో రహస్యంగా ఆడుతుంటే, 2007 ఆగస్టులో పోలీసులు మీద పడి నటులతోపాటు ప్రేక్షకులను కూడా పట్టుకుపోయారు. మేమూ వాళ్ళ కోవకే చెందుతామని మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. పిలుపులు గుసగుసగా, అడ్రసు ఆఖరి నిమిషంలో. నిజానికి మా మీద ఎవరూ నిషేధం పెట్టలేదు. మాకు జరిగిందల్లా ఒక హాలు రద్దు కావడం. ఆ రహస్యం సగం అవసరం, సగం ముచ్చట. ఆ ముచ్చట పాలు ఎంతో ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఒక సాయంత్రం మాలో ఎవరికీ తెలియని ఇద్దరు వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. పొట్టి క్రాపులు, నల్ల బూట్లు. ఇక ఆ యాభై నిమిషాలూ గదిలో ముప్పైమంది నాటకం చూడలేదు, వాళ్ళిద్దరినీ చూశారు. టీచరు రెండుసార్లు మాట మరిచిపోయింది. ముగిశాక వాళ్ళలో ఒకాయన అధికారి దగ్గరికి వచ్చి, "ఇంత పాఠం ఎలా గుర్తుంటుందండీ?" అని నిజమైన ఆశ్చర్యంతో అడిగి, డబ్బాలో నోటు వేసి వెళ్ళిపోయాడు. వాళ్ళు పక్క వీధిలో కొత్తగా దిగిన బ్యాంకు ఉద్యోగులని తర్వాత తెలిసింది.

ఇంతకంటే పెద్ద చిక్కు, వచ్చేవాళ్ళంతా మనవాళ్ళే కావడం. నోటి మాటతో పిలిస్తే ఎవరొస్తారు? మనలా ఆలోచించేవాళ్ళే. టీచరు "నేను పెట్టను" అనగానే చప్పట్లు. మనం ఎప్పుడో ఒప్పుకున్న మాటకు మనమే చప్పట్లు కొట్టుకోవడం. నాలుగో ప్రదర్శన తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. బృందంలో ప్రతి ఒక్కరూ, తమతో వాదించే మనిషిని ఒక్కరినైనా తీసుకురావాలి. బావలు వచ్చారు, ఆఫీసు సహోద్యోగులు వచ్చారు, ఒకరి మేనమామ వచ్చి మొదటి పది నిమిషాల్లోనే "ఈ అధికారి చెప్పేదాంట్లో తప్పేముంది?" అని పైకే అనేశాడు. ఆ రోజు నాటకం బాగా ఆడింది.

నోటుపుస్తకం మళ్ళీ ఇక్కడ వస్తుంది. గుమ్మం దగ్గర నుంచి తీసేసిన ఆ పుస్తకాన్నే అధికారి బల్ల మీద సామానుగా వాడుకుంటున్నాం. అయిదో ప్రదర్శనకు ముందు అధికారి పాత్రధారికి ఒక ఆలోచన వచ్చింది. టీచరు కాదన్నాక, విసుగు లేకుండా, పుస్తకాన్ని ముందు వరుసలో కూర్చున్న మనిషి ఒళ్ళో పెట్టి, "పోనీ, మీరు పెట్టండి" అంటే? నాకు ఒళ్ళు జలదరించింది, వెంటనే సరేనన్నాను. టీచరు పాత్రధారిణి మాత్రం ససేమిరా అంది. "మనం ఏ పనిని తప్పంటున్నామో ఆ పనే చేస్తున్నాం. ఆ మనిషి నాటకం చూడ్డానికి వచ్చాడు, పరీక్ష రాయడానికి కాదు." నేను అధికారిలాగే మర్యాదగా నచ్చజెప్పాను.

నాటక దర్శకుడు ఆగస్టో బోల్ తన బృందం సంగతి ఒకటి చెబుతాడు. బ్రెజిల్‌లో రైతుల మధ్య, భూమికోసం రక్తం చిందిద్దామని పాడుతూ, ఉత్తుత్తి తుపాకులు పట్టుకొని ఆడారు. చూసిన రైతు ఒకాయన కదిలిపోయి, భూస్వామి మనుషుల మీదకు పోదాం, రండి అన్నాడు. అయ్యా, ఇవి నాటకం తుపాకులు అంటే, పరవాలేదు, మీరు అసలు మనుషులే కదా, తుపాకులు మా దగ్గరున్నాయి అన్నాడు. వాళ్ళు నీళ్ళు నమిలారు. అయితే చిందించాల్సిన రక్తం మాదన్నమాట, మీది కాదు అన్నాడా రైతు. రిహార్సల్లో ఈ కథ నేనే నాలుగుసార్లు చెప్పి ఉంటాను. అది మాకు కూడా తగులుతుందని అనుకోలేదు.

అయిదో రోజు పుస్తకం అందుకున్న కుర్రాడు నవ్వి తిరిగి ఇచ్చేశాడు. ఆరో రోజు ఒకావిడ నింపాదిగా పేజీలు తిరగేసి, "పైన ఏం రాస్తారో చెప్పండి, అప్పుడు ఆలోచిస్తాను" అంది. అధికారి దగ్గర జవాబు లేదు. గదంతా అతని వైపు చూస్తోంది. పావు నిమిషం తర్వాత రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. మేము రాసిన ఏ సంభాషణకంటే అదే బాగుంది. ఏడో రోజు ఒకరు, ఎనిమిదో రోజు ఒకరు సంతకం పెట్టారు, సరదాకి, గిలికినట్టు.

తొమ్మిదో రోజు ముందు వరుసలో యాభై ఏళ్ళ ఉద్యోగి కూర్చున్నారు, మా వాళ్ళలో ఒకరు వాదించి లాక్కొచ్చిన మనిషి. పుస్తకం ఒళ్ళోకి రాగానే ఎడమ చేత్తో పేజీ సాపు చేసి, గట్టిగా నొక్కి, పూర్తి పేరుతో సంతకం పెట్టి, కింద తేదీ వేసి, దాని కింద అడ్డగీత గీసి ఇచ్చారు. మూడు సెకన్లు పట్టిందేమో. ఎదురు వరుసవాళ్ళ ముఖాలు నాకు కనపడుతున్నాయి. ఆయనకూ కనపడుతున్నాయి. టీచరు "నేను పెట్టను" అనాల్సిన చోటు అది. రోజూ అధికారి కళ్ళల్లోకి చూసి చెప్పేది. ఆ రోజు అలా చెబితే అది ఈయన చెంప మీద కొట్టినట్టవుతుందని ఆమెకు తోచింది. తల వంచి, ఎవరి వైపూ చూడకుండా, తనలో తాను అనుకున్నట్టు అంది. ముగిశాక జరిగిన చర్చలో ఎవరో ఆయన్ను అడగనే అడిగారు. "రోజుకు ఇలాంటివి ఇరవై పెడతానండీ. చదివి పెడుతూ కూర్చుంటే పని జరగదు" అన్నారు. చర్చ అక్కడే చచ్చిపోయింది. పదో రోజు నుంచి ముందు వరుసకు పుస్తకం ఇవ్వడం మానేశాం. ఎందుకు మానేద్దామో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. టీచరు కూడా "నేను ముందే చెప్పాను" అనలేదు.

మూడు వారాల తర్వాత, నాటకం ఆపేసి కుర్చీలు తిరిగి అప్పగిస్తున్న రోజు, తొమ్మిదో రోజు సంతకం పెట్టిన ఆ ఉద్యోగి మెట్లెక్కి వచ్చారు. కుశలమడిగి, గది ఖాళీగా ఉంటే ఇంత పెద్దదా అని, కొంతసేపు నిలబడ్డారు.

"ఆ పేజీ ఉందా అండీ?" అన్నారు.

ప్రతి ప్రదర్శన తర్వాత పేజీ చించెయ్యడం సామాను చూసే కుర్రాడి పని. ఉండదులెండి అంటూ పుస్తకం తెరిచాను. ఉంది. ఏడో రోజుదీ, ఎనిమిదో రోజుదీ, ఈయనదీ, ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి. పేర్లు రాయించుకోకూడదని మొదటి రోజే కాల్చి పారేసిన మేము, మూడు సంతకాల జాబితా బల్ల సొరుగులో పెట్టుకొని తిరుగుతున్నాం.

నేను పేజీ చించి ఇచ్చాను. ఆయన నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. వెళ్ళబోతూ ఆగి, పుస్తకం ఓసారి ఇమ్మన్నారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తర్వాతి తెల్ల పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నారు. పెన్ను నొక్కిన చోట ఆయన పేరు, అక్షరం తప్పకుండా, గుంటలు పడి ఉంది. వేలితో తడిమి చూసి, ఆ పేజీ కూడా చించారు. దాని కింది పేజీని అలాగే పట్టి చూశారు.